ఎనిమిది క్యూవెట్లు, ఒక మోటారు, కరెంటు కోతలు: బ్లూస్కైతో ఆటోమేటిక్ స్కాన్ నడపడం ఎలా

భీమవరం, ఉండి, ఆకివీడు చుట్టుపక్కల రొయ్యల చెరువుల నీళ్లు పరీక్షించే కాలేజీ ల్యాబుల్లో పని దాదాపు ఒకేలా ఉంటుంది. సీసాలు ఐస్ పెట్టెలో వస్తాయి. వడకట్టి, రసాయనం కలిపి, గులాబీ రంగు వచ్చాక క్యూవెట్ అనే చిన్న పారదర్శక గిన్నెలో పోసి, స్పెక్ట్రోఫోటోమీటర్‌లో (ఏ రంగు వెలుగు ఎంత పీల్చుకుందో కొలిచే యంత్రం) పెట్టి నైట్రైట్ ఎంతుందో చూస్తారు. సీసాలు నాలుగైతే చేత్తో చేసుకోవచ్చు. ఇరవై దాటితే మనిషి అలసిపోతాడు, అలసటలో వేసిన అంకెలను ఎవరూ నమ్మరు. అందుకే చాలామంది ఎంఎస్సీ, బీటెక్ పిల్లలు ప్రాజెక్టు పేరుతో పాత మోనోక్రోమేటర్‌కి (గ్రేటింగ్ అనే గీతల పలకను తిప్పి వెలుగులోంచి ఒక్కో రంగును వేరుచేసే పెట్టె) స్టెప్పర్ మోటారు, ఎనిమిది గుంతల క్యూవెట్ పళ్లానికి ఇంకో మోటారు బిగించి, ఫొటోడయోడ్‌ని డిజిటల్ మల్టీమీటర్‌కి కలిపి కంప్యూటర్‌తో నడపాలని చూస్తారు. ఈ మార్గదర్శి వాళ్ల కోసం. మోటారు తిప్పడం ఒక్క సాయంత్రం పని. ఎప్పుడు ఆగాలి, ఏది ముందు, ఏది వెనక, మధ్యలో కరెంటు పోతే ఏం చేయాలి అన్నవి ప్లాన్‌లో రాయడమే అసలు పని.

ఇక్కడ వాడేది బ్లూస్కై అనే పైథాన్ లైబ్రరీ. అమెరికాలోని బ్రూక్‌హేవెన్ నేషనల్ ల్యాబొరేటరీలో సింక్రోట్రాన్ (ఎలక్ట్రాన్లను గుండ్రంగా తిప్పి బలమైన ఎక్స్-రేలు పుట్టించే భారీ యంత్రం) కోసం పుట్టింది, ఉచితం. ఇదే పేరుతో ఒక సోషల్ మీడియా కూడా ఉంది కాబట్టి గూగుల్‌లో వెతికేటప్పుడు పక్కన పైథాన్ అని చేర్చండి. సింక్రోట్రాన్ కోసం చేసినది మన చిన్న బల్లకి ఎందుకు అంటారా? పెద్ద యంత్రమైనా చిన్న యంత్రమైనా స్కాన్ ఒకటే: కదుపు, ఆగు, చదువు, రాసిపెట్టు. ఇక్కడ నేర్చుకున్నది రేపు ఇందోర్‌లోని ఇండస్-2 సింక్రోట్రాన్ లాంటి చోటికి వెళ్లినా ఆలోచనగా పనికొస్తుంది.

కమాండ్ల పేర్లు కింద పలికినట్టే రాశాను. కోడ్‌లో ఇంగ్లీషు అక్షరాల్లో, మాటల మధ్య అండర్‌స్కోర్‌తో ఉంటాయి.

ముందు చేత్తో

సాఫ్ట్‌వేర్ తెరిచే ముందు ఒక క్యూవెట్‌తో ఒక్క రీడింగ్ చేత్తో తీయండి. షట్టర్ మూసి డార్క్ (వెలుగు లేనప్పుడు వచ్చే రీడింగ్) ఎంతో చూడండి. తెరిచి, డిస్టిల్డ్ వాటర్‌తో ఎంతో చూడండి. అరగంట అయ్యాక మళ్లీ చూడండి. అంకె జారుతూ ఉంటే దీపం ఇంకా వేడెక్కలేదని, లేదా దానికి వచ్చే వోల్టేజీ నిలకడగా లేదని అర్థం. టంగ్‌స్టన్ దీపానికి వోల్టేజీ 1 శాతం తగ్గితే వెలుగు 3 శాతానికి పైగా తగ్గుతుంది. చుట్టూ చెరువుల మీద ఏరేటర్లు తిరిగే ఊళ్లో గోడ సాకెట్‌ని నమ్ముకుని దీపం వెలిగించకూడదు. రెగ్యులేటెడ్ డీసీ సప్లై పెట్టండి. చేత్తో నిలకడగా రాని కొలతను ఆటోమేషన్ బాగుచేయదు, అదే తప్పును వందసార్లు వేగంగా రాసిపెడుతుంది.

మల్టీమీటర్‌లో ఒక సెట్టింగ్ ఇప్పుడే సరిచేసుకోండి. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే ఒక చక్రం 20 మిల్లీసెకన్లు. ఒక్కో రీడింగ్‌కి పట్టే కాలం 20 మిల్లీసెకన్లకు గుణిజంగా ఉంటే (100 గానీ 200 గానీ) కరెంటు గుయ్యిమనే శబ్దం సగటులో కొట్టుకుపోతుంది. 30 అనో 50 అనో పెడితే రీడింగ్ అకారణంగా ఊగుతుంది.

ఐస్ పెట్టెలోంచి తీసిన సీసా నీటిని వెంటనే క్యూవెట్‌లో పోయకండి. మన గాలిలో తేమకి క్యూవెట్ గోడ మీద చెమట పడుతుంది, మీటర్ దాన్ని కూడా నైట్రైట్‌గానే లెక్కేస్తుంది. గది వేడికి వచ్చేదాకా ఆగండి, 0.45 మైక్రాన్ల ఫిల్టర్‌తో వడకట్టండి. చెరువు నీళ్లలో నాచు, బురద ఎంత ఉంటుందో మీకు తెలిసిందే.

అసలు మోటారు లేకుండా మొదటి స్కాన్

పిప్‌తో (పైథాన్ లైబ్రరీలు దింపే సాధనం) బ్లూస్కై, ఓఫిడ్, మాట్‌ప్లాట్‌లిబ్ ఇన్‌స్టాల్ చేయండి. బ్లూస్కై ప్లాన్లను నడుపుతుంది, ఓఫిడ్ పరికరాలతో మాట్లాడుతుంది. ఓఫిడ్‌లో సిమ్ అనే భాగంలో ఉత్తుత్తి మోటారు, ఉత్తుత్తి డిటెక్టర్ ఉన్నాయి. మోటారు సున్నా దగ్గర ఉంటే డిటెక్టర్ గరిష్ఠంగా చూపిస్తుంది, దూరం వెళ్తే గంట ఆకారంలో తగ్గుతుంది.

రన్ ఇంజిన్ ఒకటి తయారు చేసి దానికి ఆర్‌ఈ అని పేరు పెట్టండి, అందరూ అలాగే పెడతారు. దానికి బెస్ట్ ఎఫర్ట్ కాల్‌బ్యాక్‌ని సబ్‌స్క్రైబ్ చేయండి. ఇది స్కాన్ జరుగుతుండగానే పట్టిక, గ్రాఫ్ చూపిస్తుంది, చివర్లో శిఖరం ఎక్కడుందో, సగం ఎత్తులో ఎంత వెడల్పుందో లెక్కకట్టి పెడుతుంది. ఇప్పుడు స్కాన్ అనే ప్లాన్‌కి డిటెక్టర్, మోటారు, మైనస్ 3 నుంచి 3 వరకు, 31 బిందువులు అని ఇచ్చి, దాన్ని ఆర్‌ఈకి అప్పగించండి. గంట ఆకారం తెర మీద గీస్తుంది.

ఆర్‌ఈకి అప్పగించకుండా స్కాన్‌ని మాత్రమే పిలిస్తే ఏమీ కదలదు. ప్లాన్ అన్నది చేయాల్సిన పనుల చీటీ మాత్రమే, దాన్ని చదివి పని చేసేది రన్ ఇంజిన్. ఈ తేడా ఇప్పుడే బుర్రకెక్కితే సొంత ప్లాన్ రాసేటప్పుడు సగం టెన్షన్ తగ్గుతుంది.

బిందువుల లెక్క కూడా ఇక్కడే చూసుకోవాలి. 500 నుంచి 580 నానోమీటర్ల వరకు ఒక్కో నానోమీటర్ చొప్పున అంటే 81 బిందువులు. బ్లూస్కై స్కాన్‌లో 81 అనే ఇవ్వాలి. స్పెక్ అనే పాత, ఇంకా చాలా చోట్ల వాడే సాఫ్ట్‌వేర్‌లో ఏస్కాన్ కమాండ్ బిందువులను కాదు, మధ్యనున్న ఖాళీలను అడుగుతుంది, అక్కడ 80 ఇవ్వాలి. ఒకదాని అలవాటు ఇంకోదానికి తెస్తే మెట్టు 1 బదులు 1.0127 అవుతుంది, గ్రాఫ్ చూస్తే ఎవరికీ అనుమానం రాదు.

మీ పరికరాన్ని పరిచయం చేయడం

మోటారు కంట్రోలర్ సాధారణంగా యూఎస్‌బీ సీరియల్ పోర్టు మీద ఉంటుంది, మల్టీమీటర్‌తో పైవీసా అనే పైథాన్ లైబ్రరీ ద్వారా మాట్లాడవచ్చు. పోర్టు నంబర్‌ని కోడ్‌లో రాసేయకండి. కేబుల్ తీసి వేరే రంధ్రంలో పెడితే నంబర్ మారుతుంది, పళ్లెం తిరగాల్సింది గ్రేటింగ్ తిరుగుతుంది. లినక్స్‌లో అయితే పరికరం సీరియల్ నంబర్‌తో ఉండే శాశ్వత పేరు వాడండి.

ఓఫిడ్‌లో మీ మోటారుకి ఒక చిన్న క్లాస్ రాయాలి. అందులో ప్రాణం లాంటిది సెట్ అనే ఫంక్షన్. అది మోటారుకి కమాండ్ పంపి, స్టేటస్ అనే వస్తువును తిరిగి ఇస్తుంది. కదలిక పూర్తయ్యాకే ఆ స్టేటస్‌ని ‘అయిపోయింది’ అని గుర్తించాలి. కమాండ్ పంపగానే ‘అయిపోయింది’ అనేస్తే రన్ ఇంజిన్ వెంటనే డిటెక్టర్‌ని చదువుతుంది, మోటారు ఇంకా దారిలోనే ఉంటుంది. అలాంటి స్పెక్ట్రమ్‌లో శిఖరం ఒక పక్కకి జరిగి, కాస్త సాగదీసినట్టు కనిపిస్తుంది. కొత్త సెటప్‌లో ముందు వెతకాల్సింది ఇదే. కంట్రోలర్‌ని ‘ఇంకా తిరుగుతున్నావా’ అని పదే పదే అడిగి, ‘లేదు’ అన్నాకే పూర్తయినట్టు చెప్పాలి. ఆ తర్వాత కూడా పళ్లెం కాసేపు వణుకుతుంది, క్యూవెట్‌లో నీళ్లు ఊగుతాయి. సెటిల్ టైమ్ (వణుకు తగ్గేదాకా ఆగే సమయం) పళ్లానికి 2 సెకన్లు, గ్రేటింగ్‌కి 0.4 సెకన్లు పెట్టి చూడండి. అది చాలిందో లేదో ఊహించొద్దు. ఒకే చోట నిలబెట్టి కౌంట్ ప్లాన్‌తో వరసగా 20 రీడింగులు తీయండి, మొదటి రెండు మూడు మిగతా వాటికి భిన్నంగా ఉంటే ఇంకాస్త పెంచండి.

క్లాస్‌లో లిమిట్లు కూడా రాయండి. గ్రేటింగ్ 350 కిందకీ 800 పైకీ వెళ్లకూడదు అంటే ఆ మాట సాఫ్ట్‌వేర్‌కి తెలియాలి. ఆ పైన లిమిట్ స్విచ్ (హద్దు దగ్గర మోటారును ఆపే అసలు స్విచ్) కూడా ఉండాలి. రెండూ కావాలి, ఒకదాని బదులు ఇంకోటి సరిపోదు.

తరంగదైర్ఘ్యం నిజమేనా

ప్రతి ఫిజిక్స్ ల్యాబులో గ్రేటింగ్ ప్రయోగం కోసం పాదరసం దీపం ఉంటుంది. దాని ఆకుపచ్చ గీత 546.1, నీలం గీత 435.8 నానోమీటర్లు. దీపాన్ని మోనోక్రోమేటర్ చీలిక (స్లిట్) ముందు పెట్టి, మోటారును 546.1కి తీసుకెళ్లి, రెల్ స్కాన్‌తో మైనస్ 3 నుంచి ప్లస్ 3 దాకా 61 బిందువులు తీయండి. రెల్ స్కాన్ ఉన్నచోటి నుంచి అటూ ఇటూ చూసి, అయ్యాక మొదలైన చోటికే తిరిగి వస్తుంది. శిఖరం 546.7 దగ్గర కనిపిస్తే 0.6 తేడాను ఆఫ్‌సెట్‌గా రాసుకోండి. తర్వాత నీలం గీత దగ్గర అదే చేయండి. రెండు చోట్లా ఒకే తేడా వస్తే ఆఫ్‌సెట్ చాలు. వేర్వేరుగా వస్తే మెట్టుకి ఎన్ని నానోమీటర్లు అన్న గుణకమే తప్పు, దాన్ని దిద్దాలి.

ఇప్పుడు అదే గీతను పైనుంచి కిందకి స్కాన్ చేయండి. శిఖరం వేరే చోట పడితే అది గేర్ల వదులు, మనవాళ్లంతా బ్యాక్‌లాష్ అనేదే. దీనికి మందు ఒక్కటే: ఎప్పుడూ ఒకే దిక్కు నుంచి రావడం. 500 దగ్గర మొదలుపెట్టాలంటే ముందు 490కి దిగి, అక్కణ్నుంచి ఎక్కుతూ రండి.

ఏ స్కాన్ వాడాలి

నైట్రైట్ పరీక్షలో రంగు వెలుగును గరిష్ఠంగా 543 నానోమీటర్ల దగ్గర పీలుస్తుంది. రసాయనం కలిపిన 10 నిమిషాల తర్వాత, 2 గంటల లోపు కొలవాలన్నది ఆ పద్ధతి నియమం. స్కాన్ రూపమంతా ఈ గడియారమే నిర్ణయిస్తుంది.

ఒక బిందువుకి కదలిక, ఆగడం, ఐదు రీడింగులు కలిపి 2 సెకన్లు అనుకుందాం. 81 బిందువులకు 162 సెకన్లు. ఎనిమిది క్యూవెట్లకు సుమారు 22 నిమిషాలు, ఇబ్బంది లేదు. కానీ 24 నమూనాలు, ఒక్కొక్కటి మూడుసార్లు అంటే 3 గంటల 14 నిమిషాలు. రంగు గడువు దాటిపోతుంది. అందుకే ఇక్కడ లిస్ట్ స్కాన్ నయం: 500, 510, 520, ఆపైన 530 నుంచి 555 వరకు ఒక్కో నానోమీటర్, చివర 560, 570, 580. మొత్తం 32 బిందువులే. అదే 24 నమూనాలు మూడుసార్లు తీసినా 77 నిమిషాల్లో అయిపోతుంది. శిఖరం దగ్గర దట్టంగా, అంచుల్లో పలచగా. అంచుల బిందువులు ఎందుకంటే, మిగిలిన మురికి వల్ల గ్రాఫ్ మొత్తం ఎంత పైకి లేచిందో అవే చెబుతాయి.

అడాప్టివ్ స్కాన్ అని ఒకటుంది. గ్రాఫ్ చదునుగా ఉన్నచోట పెద్ద అంగలు, నిటారుగా ఉన్నచోట చిన్న అడుగులు తనంతట తానే వేస్తుంది. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, ఈ పనికి మాత్రం వద్దు. ఒక్కో నమూనాకి వేర్వేరు బిందువులు వస్తే పక్కపక్కన పెట్టి పోల్చడం తలనొప్పి. పైగా బ్యాక్‌స్టెప్ ఆన్ చేస్తే అది వెనక్కి అడుగేస్తుంది, బ్యాక్‌లాష్ తిరిగొస్తుంది.

రెండు మోటార్లు కలిపి నడపడానికి గ్రిడ్ స్కాన్ ఉంది. ముందు రాసిన మోటారు నెమ్మదిగా, చివర రాసినది వేగంగా మారుతుంది. పళ్లెం ముందు, గ్రేటింగ్ తర్వాత రాయండి. తిరగేసి రాస్తే ప్రతి తరంగదైర్ఘ్యానికీ పళ్లెం ఎనిమిది గుంతలూ తిరుగుతుంది, ప్రతిసారీ 2 సెకన్ల సెటిల్ టైమ్ కట్టాలి. స్నేక్ అనే ఎంపిక వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ కొలిచి సమయం మిగులుస్తుంది. గ్రేటింగ్‌కి దాన్ని ఆపేయండి, కారణం పైన చెప్పుకున్నదే.

సొంత ప్లాన్

గ్రిడ్ స్కాన్‌కి డార్క్ తీయడం తెలియదు, 490కి దిగడం తెలియదు, క్యూవెట్ పేరు తెలియదు. అందుకే సొంత ప్లాన్ రాయాలి. అది పైథాన్ జనరేటర్ ఫంక్షన్. ఒక్కో క్యూవెట్‌కి వరస ఇలా ఉండాలి. నమూనా పేరుతో ఓపెన్ రన్, అంటే కొత్త రికార్డు తెరవడం. షట్టర్ మూసి, డార్క్ అనే వేరే స్ట్రీమ్‌లో (రీడింగుల వరసలో) ట్రిగర్ అండ్ రీడ్, అంటే డిటెక్టర్‌తో కొలిచి రాసుకోవడం. షట్టర్ తెరవాలి. ఎంవీ కమాండ్‌తో పళ్లాన్ని గుంతకి, గ్రేటింగ్‌ని 490కి కదపాలి. తర్వాత జాబితాలోని ప్రతి తరంగదైర్ఘ్యానికీ ఒక చెక్‌పాయింట్ (ఆగితే తిరిగి మొదలుపెట్టే చోటు), ఒక ఎంవీ, ఒక ట్రిగర్ అండ్ రీడ్. చివర క్లోజ్ రన్.

ఈ ప్రతి మాట ముందూ ‘యీల్డ్ ఫ్రమ్’ ఉండాలి. ఒక్కచోట మరిచిపోతే ఆ లైను పని చేయదు, మోటారు కదలదు, మిగతాది మామూలుగా సాగిపోతుంది. అన్ని క్యూవెట్లకూ ఒకే గ్రాఫ్ వస్తోందంటే పళ్లెం లైనులో యీల్డ్ ఫ్రమ్ ఉందో లేదో చూడండి. ఆగడానికి పైథాన్ సొంత టైమ్ స్లీప్ వాడకండి. అది రన్ ఇంజిన్‌నే నిద్రపుచ్చుతుంది, ఆ సేపు పాజ్ కూడా పనిచేయదు. బ్లూస్కై ప్లాన్ స్టబ్స్‌లోని స్లీప్ వాడండి. గ్రాఫ్ అడ్డంగా తరంగదైర్ఘ్యం బదులు కాలం చూపిస్తుంటే, ఓపెన్ రన్ మెటాడేటాలో (రన్‌తో పాటు రాసే వివరాల్లో) హింట్స్ కింద డైమెన్షన్స్ ఇవ్వలేదన్నమాట.

పళ్లెం మొత్తాన్ని ఒకే రన్‌గా రాయొచ్చు కదా అంటే, రాయొచ్చు. నా ఓటు మాత్రం క్యూవెట్‌కి ఒక రన్. అయిదో క్యూవెట్ దగ్గర ఏదైనా జరిగితే ముందు నాలుగూ శుభ్రంగా మూసి ఉంటాయి. మొదటి గుంతలో డిస్టిల్డ్ వాటర్‌కి రసాయనం కలిపిన బ్లాంక్ పెట్టి, దాన్ని మొదటా చివరా కూడా కొలవండి. రెండూ కలవకపోతే మధ్యలో దీపం జారింది, ఆ పళ్లెం ఫలితాలను రైతుకి చెప్పే ముందు మళ్లీ తీయాలి.

మొత్తాన్ని ఫైనలైజ్ రాపర్‌లో చుట్టి, ‘ఏం జరిగినా షట్టర్ మూయి’ అన్న పని దానికి అప్పగించండి. ఎర్రర్ వచ్చినా, మీరు మధ్యలో ఆపినా అది చేస్తుంది.

అసలు మోటార్ల మీద నడిపే ముందు సమ్మరైజ్ ప్లాన్‌కి ఇచ్చి చూడండి. ఏది ఎక్కడికి కదులుతుందో, ఎప్పుడు చదువుతుందో వరసగా రాసి చూపిస్తుంది, ఏదీ కదలదు. చెక్ లిమిట్స్ కూడా ఇలాంటిదే, హద్దు దాటే కదలిక ఉంటే ముందే పట్టిస్తుంది.

ఆపడం, కరెంటు పోవడం

స్కాన్ మధ్యలో కంట్రోల్-సీ ఒకసారి నొక్కితే తర్వాతి చెక్‌పాయింట్ దగ్గర ఆగుతుంది. వెంటవెంటనే రెండుసార్లు నొక్కితే అప్పటికప్పుడే ఆగుతుంది. అక్కణ్నుంచి నాలుగు దారులు. రెజ్యూమ్ అంటే చివరి చెక్‌పాయింట్ నుంచి కొనసాగింపు. స్టాప్ అంటే ఇంతటితో చాలు, ఇది మంచి డేటానే అని ముద్ర. అబార్ట్ అంటే ఆపేసి, ఇది మధ్యలో ఆగిందని ముద్ర. హాల్ట్ అంటే శుభ్రం చేసే పనులు కూడా చేయకుండా వదిలేయడం. షట్టర్ మూయమన్న మీ మాట కూడా హాల్ట్ వినదు, కాబట్టి వేరే దారి లేనప్పుడే వాడండి.

ఇక కరెంటు. కంప్యూటర్, మోటారు కంట్రోలర్, మల్టీమీటర్ యూపీఎస్ మీద ఉండాలి. దీపం సప్లై కూడా ఉంటే మేలు, కానీ చిన్న యూపీఎస్ దాన్ని ఎక్కువసేపు మోయలేదు. జనరేటర్ అందుకునే లోపు దీపం ఆరిపోతే స్కాన్ ఆగాలి, వెలిగాక వేడెక్కేదాకా ఆగే ఉండాలి. దీనికి బ్లూస్కైలో సస్పెండర్ ఉంది, ఒక రీడింగ్‌ని గమనిస్తూ స్కాన్‌ని ఆపి తిరిగి నడిపేది. దీపం పక్కన ఇంకో చిన్న ఫొటోడయోడ్ పెట్టి, సస్పెండ్ ఫ్లోర్‌కి చూపించండి: వెలుగు మామూలులో 80 శాతం కిందకి పడితే ఆగు, 95 శాతం దాటాక 20 నిమిషాలు గడిస్తే కొనసాగు. ఆగినంతసేపూ రంగు గడియారం ఆగదు కదా. అందుకే రసాయనం కలిపిన సమయాన్ని ప్లాన్‌కి ఇచ్చి, ప్రతి క్యూవెట్ ముందు 2 గంటలు దాటిందేమో చూసి, దాటితే అక్కడితో ముగించమని రాయండి. ఎండాకాలం సాయంత్రం గాలివానల్లో ఈ ఒక్క షరతు చాలా చెత్త డేటాను ఆపుతుంది.

కంట్రోలర్‌కే కరెంటు పోయిందా, అప్పుడు సంగతి వేరు. ఎన్‌కోడర్ (స్థానం చూపే సెన్సర్) లేని స్టెప్పర్ మోటారుకి తానెక్కడుందో గుర్తుండదు. తిరిగి ఆన్ అయ్యాక 0 అంటుంది, మీ సాఫ్ట్‌వేర్ 543 అంటుంది. సస్పెండర్‌కి పోస్ట్ ప్లాన్ ఇవ్వొచ్చు. అందులో లిమిట్ స్విచ్ దాకా వెళ్లి సున్నా పట్టుకునే హోమింగ్ రాయండి. హోమింగ్ కాకుండా రెజ్యూమ్ చేయనివ్వకండి.

పేర్లు, రికార్డులు

ప్రతి రన్‌కీ బ్లూస్కై తనంతట తానే ఒక యూఐడీ (ఆ రన్‌కి మాత్రమే ఉండే గుర్తింపు), సమయం రాస్తుంది. మిగతాది మీరు రాయాలి. మారనివి ఆర్‌ఈ డాట్ ఎండీలో (అన్ని రన్లకూ వర్తించే మెటాడేటాలో) పెట్టండి: పరికరం పేరు, క్యూవెట్ మందం 1 సెంటీమీటరు, ల్యాబ్ పేరు. మారేవి ప్లాన్‌తో పాటే ఇవ్వండి: నమూనా నంబర్, ఊరు, గుంత నంబర్, రసాయనం కలిపిన సమయం. నమూనా పేరును పొరపాటున ఆర్‌ఈ డాట్ ఎండీలో పెడితే తర్వాతి రన్లన్నిటికీ అదే అంటుకుని పోతుంది. చెరువు పేరొక్కటే చాలదు, ప్రతి ఊళ్లో ఒక ‘తూర్పు చెరువు’ ఉంటుంది. మొగల్తూరు వైపు నీళ్లకి ఉప్పదనం కూడా రాసుకోండి, స్టాండర్డ్ ద్రావణాలు కూడా అదే ఉప్పు నీటిలో చేసుకుంటే పోలిక సరిగ్గా ఉంటుంది.

గది వేడి, తేమ చూపే చిన్న సెన్సర్‌ని బేస్‌లైన్ పరికరంగా పెట్టండి. ప్రతి రన్ మొదట్లో, చివర్లో దాన్ని చదివి రాసుకుంటుంది, స్కాన్‌ని నెమ్మదించదు.

డేటాని సీఎస్‌వీగా తీసి లెక్కలు వేసేటప్పుడు డార్క్‌ని నమూనా నుంచి, బ్లాంక్ నుంచి విడివిడిగా తీసేశాకే నిష్పత్తి, ఆపైన లాగరిథం. ప్రతి రన్ చివర స్టాప్ అనే డాక్యుమెంట్ ఉంటుంది, అందులో ఎగ్జిట్ స్టేటస్ సక్సెస్, అబార్ట్, ఫెయిల్ అని మూడింటిలో ఒకటి. అసలు స్టాప్ డాక్యుమెంటే లేని రన్ కనిపిస్తే కంప్యూటరే మధ్యలో ఆగిపోయిందని అర్థం. అందులో 32 బిందువులూ ఉన్నట్టు కనిపించినా దాన్ని లెక్కలోకి తీసుకోకండి. సీసాలో నీళ్లు మిగిలి ఉంటే ఆ నమూనాకి రసాయనం మళ్లీ కలిపి, పది నిమిషాలు ఆగి, ఆ ఒక్క గుంత కోసం ప్లాన్ మళ్లీ నడపండి.